బట్టీ నేల మీద తీర్పు

యుఫ్రేజీ తవెర్నియే మా ఊళ్లో పుట్టలేదు. పందొమ్మిదేళ్ల వయసులో నెత్తిన ఒక మూట, చేతిలో కత్తి పట్టుకుని ఆకు కోతల కాలంలో కూలికి వచ్చింది. అప్పట్లో మా మోర్న్ ఫ్లోరీ కొండంతా బే చెట్లే. ఆకు నలిపితే లవంగం వాసన వేసేది. కొమ్మలు నరికి, మోపులు కట్టి, ఏటవాలు దారిలో దిగి బట్టీకి చేర్చాలి. అక్కడ పెద్ద రాగి బానలో ఆకుని ఆవిరి పట్టి నూనె తీసేవాళ్లం. డొమినికా దీవి మొత్తంలో మా వైపు నూనెకే పేరు.

హెస్కెత్ సెరాఫిన్‌కి ఆ కొండవాలున సొంత నేల, సొంత బట్టీ ఉండేవి. అతనికి చర్చిలో పెళ్లయింది గానీ, భార్య రెండో ఏడే ఇంగ్లండు వెళ్లిపోయి మళ్లీ ఉత్తరం ముక్క రాయలేదు. ఫాదర్ గారు విడాకుల మాట ఎత్తనివ్వరు. కూలికొచ్చిన యుఫ్రేజీ మూడో నెలకల్లా అతని ఇంట్లో పొయ్యి వెలిగించింది. ఊళ్లో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. మా దీవిలో సగం కాపురాలు అలా మొదలైనవే.

నిజానికి ఆమెని ముందు తనదాన్ని చేసుకున్నది హెస్కెత్ కాదు, అతని చెల్లెలు అల్బెర్టా. యుఫ్రేజీ కన్నా రెండేళ్లు చిన్నది. ఇద్దరూ ఒకే చెట్టు దగ్గర కోసేవాళ్లు, ఒకే గిన్నెలో చేమదుంపలూ ఉప్పు చేపా తినేవాళ్లు. ఆదివారం చర్చికి ఒకరి టోపీ ఒకరు పెట్టుకొచ్చేవాళ్లు. అల్బెర్టా ఆమెని పేరు పెట్టి పిలిచింది తక్కువ. పొద్దస్తమానం "వదినా, వదినా" అనే. అల్బెర్టాకి సిల్వినా అనే కూతురు పుట్టినప్పుడు బొడ్డు కోసింది యుఫ్రేజీ. తన కడుపున మాత్రం ఇద్దరు పుట్టి ఇద్దరూ నిలవలేదు.

నేను ఆ ఊరి బడిలో ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పాను. బట్టీ పక్కనుంచే బడికి దారి. హెస్కెత్ బాన మూత బిగిస్తూ, వచ్చేపోయే వాళ్లందరి ముందూ ఒకటే మాట అనేవాడు: "ఈ నేలా ఈ బట్టీ నేను పోయాక యుఫ్రేజీవి. ఇందులో సగం రాళ్లు తను మోసినవే." ఆ మాట నేనే పది సార్లు విని ఉంటాను. ఇంగ్లండులో ఉన్న భార్య పోయిందని కబురొచ్చాక, పెళ్లి చేసుకుందాం రమ్మని అతను అడిగాడట. ఈ వయసులో ముసుగేసుకుని చర్చిలో నిలబడితే పిల్లకాయలు నవ్వుతారని ఈమె వాయిదా వేసింది. ఆ నవ్వు గురించి తర్వాత ఎన్నిసార్లు తల్చుకుని ఏడ్చిందో నాకు తెలుసు.

హెస్కెత్ రెండువేల ఒకటిలో, బానలోకి ఆకు తొక్కుతూనే కూలబడి పోయాడు. వీలునామా రాయలేదు. అన్నీ నోటిమాటలే.

వదినా మరదళ్ల మధ్య తగువు మొదలైంది నేల దగ్గర కాదు, ఒక చెట్టు దగ్గర. బట్టీ పాక విస్తరించాలని యుఫ్రేజీ అడ్డంగా ఉన్న సీమపనస చెట్టు కొట్టించింది. అది అల్బెర్టా వాళ్లమ్మ నాటిన చెట్టు. ఆ సంగతి యుఫ్రేజీకి తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో నేను చెప్పలేను. అల్బెర్టా ఆ సాయంత్రం వచ్చి మొద్దు మీద చేయి పెట్టి నిలబడింది. నేను బడి నుంచి వస్తున్నాను.

"మా అమ్మ నాటిన చెట్టు నరకడానికి నువ్వెవరే?" అంది. "మా అన్న ఇంట్లో పడుకున్నంత మాత్రాన ఇంటిదానివైపోయావా? ఏదీ, నీ వేలికి ఉంగరం చూపించు."

యుఫ్రేజీ చేతులు గౌను జేబులో పెట్టేసుకుంది. ఆ ఒక్క క్షణంలో క్షమించమని అడిగినా సరిపోయేదేమో. అడగలేదు. అల్బెర్టా ఆ తర్వాత పన్నెండేళ్లు ఆమెని వదినా అనలేదు. ఎవరి దగ్గరైనా చెప్పాల్సొస్తే "ఆ మనిషి" అనేది.

రోజో పట్నంలో ఎవరో అల్బెర్టాకి చెప్పారు, వీలునామా లేకుండా పోయిన అన్న నేల చట్టప్రకారం తోడబుట్టినదానికే వస్తుందని. రెండువేల మూడులో దావా పడింది. యుఫ్రేజీకి మా దీవి మాట క్రియోల్ తప్ప ఇంగ్లీషు కూడబలుక్కుంటే గానీ రాదు. కోర్టు నుంచి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చి, "మేష్టారూ, ఇందులో నన్ను ఏమన్నారు?" అని అడిగేది. ఎంత చెడ్డ కాగితమైనా ముందు మొత్తం చదవమనేది, మధ్యలో ఆపనిచ్చేది కాదు.

ఆమె తరఫున వాదించింది మిస్ రొబెన్ అని చిన్న వయసు లాయరు. ఐదుగురు ముసలాళ్లం వెళ్లి హెస్కెత్ మాట విన్నామని సాక్ష్యం చెప్పాం. ఆరేళ్లకి తీర్పొచ్చింది. జడ్జీ గారు యుఫ్రేజీ వైపే చెప్పారు. అల్బెర్టా అప్పీలుకి వెళ్లింది. అది మరో ఐదేళ్ల పైన నడిచింది. ఆ ఏళ్లలో ఇద్దరూ ఒకే చర్చిలో రెండు వైపులా కూర్చునేవాళ్లు. పక్కవాళ్లకి శాంతి చెప్పి చేయి కలపమని ఫాదర్ గారు అన్నప్పుడు ఊరంతా వాళ్లిద్దరి వంకే చూసేది. ఇద్దరూ నేల చూపులు చూసేవాళ్లు.

రెండువేల పదిహేను జనవరి చివర్లో అప్పీలు కోర్టు కింది తీర్పు కొట్టేసింది. నోటి మాటతో భూమి చేతులు మారదు అన్నారు. నేను మొత్తం చదివి వినిపించాక యుఫ్రేజీ కాగితం తీసుకుని మడిచింది. తర్వాత, "వీళ్ల పైన ఇంకెవరున్నారు?" అని అడిగింది.

లండన్ ఉంది అన్నాను. మా దీవి స్వతంత్రమై ముప్పై ఆరేళ్లయినా, ఆఖరి మాట చెప్పే పెద్దలు లండన్‌లోనే కూర్చునేవారు. మోర్న్ ఫ్లోరీ నుంచి అక్కడిదాకా వెళ్లిన దావా ఒక్కటీ లేదు. అక్కడ వేరే లాయర్లని పెట్టుకోవాలి, ముందే పూచీ సొమ్ము కట్టాలి. మిస్ రొబెన్ ఏదీ దాచకుండా చెప్పింది, అది యుఫ్రేజీ తరం కాదని. యుఫ్రేజీ మాత్రం ఆ మాట చెవిన వేసుకోలేదు.

"లండన్ వాళ్లకి నేనెవరో తెలీదు, అల్బెర్టా ఎవరో తెలీదు. అదే మంచిది మేష్టారూ. తెలిసినవాళ్లు నా వేలు చూశారు. తెలియనివాళ్లు నా మాట వింటారు."

ఫిబ్రవరిలో కోర్టు అమీనా వచ్చాడు. చేతిలో కాగితం పట్టుకుని గుమ్మం దగ్గర ఇబ్బందిగా నిలబడ్డాడు. అతను నా దగ్గర చదువుకున్నవాడే. యుఫ్రేజీ అతనికి కోకో టీ పెట్టి ఇచ్చి, తన మూట తను కట్టుకుంది. బడి వెనక ఒక గది ఖాళీగా ఉంటే అందులో ఉంది. వారం తిరక్కుండా అల్బెర్టా బట్టీ ఇంట్లోకి మారింది. ఆమె సొంత ఇంటి రేకులు కారుతున్నాయి, అందులోనూ ఒంటరిది. కూతురు సిల్వినా పక్క దీవి గ్వాడెలోప్‌లో హోటల్ పనిలో ఉండేది.

మార్చి మొదటి వారంలో రేడియోలో వార్త చెప్పారు. లండన్‌తో మన ముడి తెగిపోయింది, ఇకనుంచి మన ఆఖరి కోర్టు కరిబియన్ దేశాలు కలిసి పెట్టుకున్నదే, ట్రినిడాడ్‌లో ఉంటుంది అని. రమ్ము దుకాణం ముందు ఆ రోజంతా అదే గోల. మన తల రాత మనమే రాసుకుంటున్నాం అని కొందరు. మన జడ్జీ ఎవడో ఒకడికి చుట్టమై తీరతాడు, తెల్లవాడైతే కనీసం ఆ బాధ లేదు అని కొందరు. బే చెట్టుకీ బెండ మొక్కకీ తేడా తెలియనివాడు మన నేల సంగతేం తేలుస్తాడని పడవల తియోఫిల్ అడిగితే, తెలిసినవాళ్లు తేల్చినదేగా ఇప్పుడు చూస్తున్నాం అని ఇంకొకడు బడి వెనక గది వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

నేను ఆ గదికి వెళ్లేసరికి యుఫ్రేజీ మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. ఒళ్లో ఒక కవరు. అందులో ఆమె పుట్టిన సర్టిఫికెట్టు, రెండు చిన్న ఫోటోలు. పాస్‌పోర్టు కోసం తీయించుకున్నవి. అప్పీలుకి తనే స్వయంగా లండన్ వెళ్లి నిలబడాలేమో అనుకుందట. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పట్నం వెళ్లి, ఫోటో దిగి వచ్చింది. ఫోటోలో తల నిటారుగా పెట్టుకుని, ఆదివారం టోపీ తీసేసి, భయం భయంగా చూస్తోంది.

"తలుపు వేసేశారు మేష్టారూ," అంది. "నేను గడప దగ్గరికి వచ్చేదాకా తీసే ఉంచి, ఇప్పుడు వేసేశారు."

మర్నాడు మిస్ రొబెన్ ఫోను చేసింది. కొత్త కోర్టుకి దరఖాస్తు పెట్టడానికి నలభై రెండు రోజుల గడువట, అందులో నాలుగు రోజులే మిగిలాయట. పేదవాళ్ల దగ్గర రుసుం కూడా తీసుకోరట. యుఫ్రేజీని ఒప్పించడానికి అందులో ఒక రోజు పోయింది. ట్రినిడాడ్‌లో అల్బెర్టా మేనత్త మనవడు టాక్సీ నడుపుతాడు, ఆ జడ్జీలు అతని బండి ఎక్కరని నమ్మకమేమిటి అని ఆమె వాదన. నవ్వు ఆపుకుని, ఎక్కినా అతనికి ఈ దావా సంగతి తెలియదని చెప్పాను. "అల్బెర్టా చెప్పకుండా ఉంటుందా?" అంది. చివరికి గడువుకి ముందురోజు వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. యుఫ్రేజీ తవెర్నియే అని పొడుగ్గా రాయడానికి చాలాసేపు పట్టింది.

జూన్‌లో విచారణ. జడ్జీలు ట్రినిడాడ్‌లోనే కూర్చున్నారు, మేం రోజో కోర్టు హాల్లో పెద్ద తెర ముందు కూర్చున్నాం. అల్బెర్టా కూడా వచ్చింది. ముందు వరసలో ఆ చివర ఆమె, ఈ చివర యుఫ్రేజీ. తెర మీద ఐదుగురు కనిపించగానే యుఫ్రేజీ నా చెవిలో, "మన రంగే కదూ," అంది. అది నిరాశో ఊరటో నాకు అంతుబట్టలేదు.

లాయర్లు గంటసేపు మాట్లాడారు. నేను వీలైనంత క్రియోల్‌లో చెబుతూ వచ్చాను. అప్పుడు మధ్యలో కూర్చున్న ముసలి జడ్జీ ఒక ప్రశ్న వేశాడు. బే మొక్క నాటితే మొదటి కోత ఎన్నేళ్లకి వస్తుంది? ఈమె ఆ నేల మీద మొక్కలు నాటిందంటున్నారు కదా, ఒక మనిషి ఎన్నేళ్లు ఆగాలని నమ్మితే అలా నాటుతుంది? లాయర్లిద్దరూ కాగితాలు తిరగేశారు. ఆ ప్రశ్న నేను క్రియోల్‌లోకి మార్చి చెప్పడం ఇంకా పూర్తవలేదు.

"మూడో ఏట," అంది యుఫ్రేజీ.

"మూడో ఏట," అంది అల్బెర్టా, ఆ చివరి నుంచి. ఇద్దరి గొంతులూ ఒకేసారి లేచాయి.

గుమాస్తా లేచి ఇద్దరినీ కూర్చోమని సైగ చేశాడు. తెర మీద ముసలాయన కళ్లజోడు సర్దుకుని, ఇద్దరికీ థాంక్స్ అన్నాడు. ఇది పన్నెండేళ్లలో వాళ్లిద్దరూ కలిసి అన్న మొదటి మాట.

ఊరికి ఆఖరి బస్సు ఒకటే. అందులో మూడు సీట్లే మిగిలాయి, వాటిలో రెండు పక్కపక్కనే ఉన్నాయి. నేను వాళ్ల వెనక వరసలో కూర్చున్నాను. కొండ మలుపుల్లో బస్సు ఊగినప్పుడల్లా ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. సగం దారిలో అల్బెర్టా సంచి తెరిచి, గుడ్డలో చుట్టిన వేయించిన రొట్టె ఒకటి తీసి, విరిచి సగం పక్కకి చాచింది. యుఫ్రేజీ తీసుకుంది.

"ఆ చెట్టు," అంది యుఫ్రేజీ, "నాకు గుర్తు రాలేదు అల్బెర్టా. అమ్మ నాటిందని అప్పుడు గుర్తు రాలేదు."

అల్బెర్టా నమిలి మింగేదాకా ఆగింది. "తీర్పు రానీ వదినా," అంది. "ఎటు వచ్చినా, వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు మాట్లాడితే లాయర్లు తిడతారు."

నేను కిటికీ వైపు తిరిగాను. వదినా అన్న మాట విని యుఫ్రేజీ మొహం ఎలా మారిందో చూడటం నాకు సబబనిపించలేదు.

ఆగస్టు ఆఖరి వారంలో ఎరికా తుఫాను వచ్చింది. గాలి లేదు, వానే. ఒక్క రాత్రీ పొద్దున్నా కలిపి కురిసినంత వాన నా జన్మలో చూడలేదు. గురువారం పొద్దున కొండలోంచి ఉరుము లాంటి చప్పుడు మొదలై ఆగకుండా వచ్చింది. నేనూ యుఫ్రేజీ బడి అరుగు మీద నిలబడి చూస్తుండగానే, ఎదుటి వాలు చెట్లతో సహా కిందికి జారింది. బే చెట్లు నిలబడినవి నిలబడినట్టే కదిలి వెళ్లాయి. తర్వాత వంగాయి. తర్వాత మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. బట్టీ పాక రేకు ఒకటి ఎర్రటి బురదలో కాసేపు తేలి మునిగిపోయింది. ఆ వాలు వెళ్లి సముద్రంలో పడింది.

యుఫ్రేజీ అరుగు దిగి పరిగెత్తింది. అరవై నాలుగేళ్ల మనిషి. నేను పట్టుకునేలోపు మోకాలి లోతు బురదలోకి వెళ్లిపోయింది. "అల్బెర్టా లోపలుంది," అంటోంది. అరవడం లేదు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టుగా అంటోంది. "వాన పడితే తను బయటికి రాదు మేష్టారూ. పొయ్యి దగ్గరే కూర్చుంటుంది." తియోఫిలూ నేనూ చెరో రెక్కా పట్టుకుని వెనక్కి లాగాం.

మూడు రోజుల తర్వాత ఊరినంతా పడవల్లో ఖాళీ చేయించారు. మా బడి, చర్చి, మిగిలిన ఇళ్లు అన్నీ అలాగే వదిలేసి వచ్చాం. ఇక అక్కడ ఎవరూ ఉండకూడదని ఆర్డరు. పట్నం దగ్గర ఒక హాస్టల్లో మమ్మల్ని పెట్టారు. దొరకనివాళ్ల పేర్లు ఒక అధికారి చదివాడు. అల్బెర్టా సెరాఫిన్ అన్నప్పుడు, చుట్టాలెవరైనా ఉన్నారా అని అడిగాడు. సిల్వినా ఇంకా పడవ దొరక్క గ్వాడెలోప్‌లోనే ఉంది. యుఫ్రేజీ లేచి నిలబడింది.

"నేనున్నాను. నాకు ఆడపడుచు," అంది.

అల్బెర్టా దొరకలేదు. ఆ మట్టి తవ్వడానికి వీలయ్యేది కాదు.

తీర్పు డిసెంబర్‌లో వచ్చింది. మిస్ రొబెన్ స్వయంగా హాస్టల్‌కి తెచ్చింది. ఆమె మొహంలో సంతోషమూ లేదు, దాన్ని దాచుకునే ప్రయత్నమూ లేదు, అలసట ఉంది. ఎప్పటిలాగే యుఫ్రేజీ మొత్తం చదవమంది. ముప్పై నాలుగు పేజీలు. హాస్టల్ వరండాలో కూర్చుని ఒక్కో పేరా ఇంగ్లీషులో చదివి క్రియోల్‌లో చెప్పాను. ఒక మనిషి ఇచ్చిన మాటని నమ్మి ఇంకో మనిషి జీవితమంతా అక్కడ ధారపోస్తే, ఆ మాట నుంచి తప్పుకునే హక్కు అతనికీ లేదు, అతని వారసులకీ లేదు అని రాశారు. మూడో ఏట కోత గురించి కూడా రాశారు. ఇరవై రెండో పేజీలో, ఈ సంగతిలో ఇరుపక్షాల స్త్రీలకూ భేదాభిప్రాయం లేదు అని. ఆ వాక్యం రెండోసారి చదవమంది.

చివరి పేజీలో ఆ నేల మొదటినుంచీ యుఫ్రేజీ తవెర్నియేదే అని ఉంది.

"మొదటినుంచీ అంటే?" అని అడిగింది.

"హెస్కెత్ పోయిన రోజునుంచి," అంది మిస్ రొబెన్.

"అయితే ఫిబ్రవరిలో కూడా నాదే."

"మీదేనమ్మా. మిమ్మల్ని పంపించి ఉండకూడదు."

యుఫ్రేజీ ఆమె వైపు కాసేపు చూసి, నెమ్మదిగా మాట్లాడింది. "అమ్మాయ్, ఈ తీర్పు ఫిబ్రవరిలోనే వచ్చుంటే ఆ ఇంట్లో నేనుండేదాన్ని. అల్బెర్టా తన కారే రేకుల కింద బతికి ఉండేది. నా చోట్లో తను పోయింది."

తుఫాను ఎవరి చేతిలోనూ లేదని నేను తర్వాత ఎన్నోసార్లు చెప్పి చూశాను. యుఫ్రేజీ వినేది, తలూపేది. ఆ లెక్క మాత్రం ఆమె మనసులోంచి చెరగలేదు. అదే నెలలో ఆమెకి నిద్ర చెడింది, తిండి తగ్గింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో పట్నం చర్చిలో అల్బెర్టా పేర పూజ పెట్టించారు. సిల్వినా వచ్చింది. చర్చి బయట యుఫ్రేజీ ఆమె దగ్గరికి వెళ్లి, కాగితాలున్న కవరు చాచింది. ఆ నేల సిల్వినా పేర రాసేస్తానని, మిస్ రొబెన్‌తో మాట్లాడి పెట్టానని చెప్పింది. సిల్వినా తీసుకోలేదు. చాలా రోజులుగా లోపల పెట్టుకున్న మాట బయటికొచ్చింది.

"మీరు గెలిచారు కదత్తా. ఉంచుకోండి. మా అమ్మ పన్నెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది, మీరూ తిరిగారు. ఆ పన్నెండేళ్లలో ఒక్కసారి మీరిద్దరూ ఒక గడపలో కూర్చుని ఉంటే, అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉండేదా?"

యుఫ్రేజీ చాచిన కవరు వెనక్కి తీసుకుంది. ఆ పిల్ల అన్నది నిజమే కదా. సిల్వినా సాయంత్రం పడవకి వెళ్లిపోయింది.

మర్నాడు యుఫ్రేజీ నన్ను పిలిచి, ఊరు చూడాలి అంది. రోడ్డు దారి మూసేశారు. తియోఫిల్ తన చేపల పడవలో సముద్రం మీంచి తీసుకెళ్లాడు. ఒడ్డుకి చేరడం కుదరదు, అలల కింద అంతా రాళ్లూ చెట్ల మొద్దులే. కొండ మీద పైనుంచి కిందిదాకా చర్మం ఒలిచినట్టు ఎర్రటి గీర. అక్కడక్కడ గడ్డి మొలుస్తోంది. యుఫ్రేజీ తియోఫిల్‌ని మోటారు ఆపమంది. పడవ ఊగుతోంది. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను.

"అల్బెర్టా," అంది, ఎదురింటి మనిషితో మాట్లాడినట్టు. "తీర్పు వచ్చింది. నాదన్నారు. నువ్వు వచ్చాక మాట్లాడుకుందామన్నావు, అందుకని వచ్చాను." ఆగింది. "చెట్టు కొట్టించిన రోజే నేను నీ గుమ్మంలోకి రావాల్సింది. వచ్చి ఉంటే ఇవేవీ లేవు. కోర్టు నన్నేమీ తప్పు పట్టలేదు అల్బెర్టా. ముప్పై నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు ఆ సంగతి. మేష్టారిని అడుగు."

తియోఫిల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపటికి ఆమే, "పద," అంది.

తర్వాత మమ్మల్ని కొత్త కాలనీలోకి మార్చారు. సిమెంటు ఇళ్లు, మంచి రేకులు, చదునైన నేల. బే చెట్లు లేవు. యుఫ్రేజీకి నా పక్క వీధిలో ఇల్లొచ్చింది. కొత్త కోర్టు మంచిదా చెడ్డదా అని రమ్ము దుకాణంలో మాటొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆమెని అడిగేవారు, అక్కడిదాకా వెళ్లిన మనిషి మాలో ఆమె ఒక్కతే కాబట్టి. మంచిదే అనేది. నా మాట విన్నారు, మొక్క సంగతి అడిగారు, లండన్ వాళ్లు అడిగేవాళ్లో లేదో నాకు తెలీదు అనేది. అంతకుమించి పొడిగించేది కాదు.

రెండువేల పదిహేడులో మరియా తుఫాను దీవినంతా చీల్చేసినప్పుడు ఫోను తీగలు కలిసిన మొదటి రోజునే సిల్వినా ఫోను చేసింది. అత్త బతికుందా అని. ఆ తర్వాత నెలకోసారి చేసేది. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. ఎక్కువసేపు మాట్లాడేవాళ్లు మాత్రం కాదు.

రెండువేల పంతొమ్మిది ఏప్రిల్‌లో యుఫ్రేజీ షుగరు ముదిరి, కాలు పుండై, ఆసుపత్రిలో పోయింది. ఆఖరి వారం నేను రోజూ వెళ్లేవాణ్ణి. ఒక రోజు దిండు కింద నుంచి ఆ కవరు తీసి నా చేతిలో పెట్టింది. నేల ఎవరి పేరా రాయలేదట. రాయడానికి మనసు రాలేదట. "దానికి యజమాని అల్బెర్టానే మేష్టారూ. నేను కాగితం మోసేదాన్ని," అంది. తీర్పు తప్ప మిగతా కాగితాలు చదివి పారేయమంది.

అంత్యక్రియలకి సిల్వినా గ్వాడెలోప్ నుంచి వచ్చింది, చుట్టాల వరసలో ముందు నిలబడింది. పూడ్చాక తీర్పు కాగితాలున్న కవరు నేనే ఆమెకి ఇచ్చాను. ఈసారి తీసుకుంది. వానపడేలా ఉంటే కోటు లోపల పెట్టుకుని, బస్సు దాకా నడుస్తూ, ఇరవై రెండో పేజీలో ఏముందో చెప్పమని అడిగింది. అత్త ఫోనులో ఎప్పుడూ ఆ పేజీ గురించే చెప్పేదట. నేను చెప్పాను.